విదేశీ ఒప్పందాలు సంతకానికి ముందే సభ ముందుకు రావాలి: మేయర్లకు, ప్రాంతీయ ప్రభుత్వాధినేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర మేయర్లకు, పురపాలక సభల అధ్యక్షులకు, రాష్ట్రాలు, ప్రావిన్సులు, కాంటన్ల ప్రభుత్వాధినేతలకు,

నమస్కారం.

దేశాల మధ్య వ్యవహారాలను దేశాల ప్రభుత్వాలే నడపాలన్న నియమం కాగితం మీద ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రాయబారులను పంపడం, స్వీకరించడం గురించి చెప్పే 1961 నాటి వియన్నా ఒడంబడికలో గానీ, దేశాలు ఒడంబడికలు ఎలా చేసుకోవాలో నిర్దేశించే 1969 నాటి వియన్నా ఒడంబడికలో గానీ నగరానికీ, ప్రావిన్సుకూ చోటు లేదు. ఆచరణ మాత్రం ఆ గీతను ఎప్పుడో దాటింది. మీలో కొందరికి విదేశీ రాజధానుల్లో కార్యాలయాలున్నాయి, కొందరికి అంతర్జాతీయ సంబంధాల కోసం ప్రత్యేక విభాగాలున్నాయి, వాతావరణ సదస్సుల్లో మీకంటూ వేదికలున్నాయి. ఈ మార్పును నేను స్వాగతిస్తున్నాను. ప్రజల దైనందిన జీవితానికి దగ్గరగా ఉండే ప్రభుత్వాలు ప్రపంచంతో నేరుగా మాట్లాడగలగడం మంచిదేనని నా అభిప్రాయం. అందుకే ఒక్క అభ్యర్థన మీ ముందు ఉంచుతున్నాను: ఏ విదేశీ ప్రభుత్వంతో, ఏ విదేశీ నగరంతో ఒప్పందం చేసుకున్నా, దాని పూర్తి పాఠాన్ని సంతకానికి ముందే మీ ఎన్నికైన సభ ముందు పెట్టండి, మీ ప్రజలు చదవగలిగే భాషలో ప్రచురించండి, దానికయ్యే ఖర్చు, దాని గడువు, దాని నుంచి వైదొలగే పద్ధతి అందులోనే రాయండి.

ఇది గుమాస్తా స్థాయి కోరికలా కనిపించవచ్చు. కానీ గత కొన్నేళ్లలో మీలాంటి ప్రభుత్వాలు చేసిన ఒప్పందాల్లో ఏవి నిలిచాయి, ఏవి కూలాయి అని చూస్తే, తేడా చాలావరకు ఇక్కడే కనిపిస్తుంది.

నగరాల విదేశీ సంబంధాలు కొత్తగా పుట్టినవి కావు. స్థానిక ప్రభుత్వాల అంతర్జాతీయ సంఘం బెల్జియంలోని ఘెంట్ నగరంలో 1913లోనే ఏర్పడింది; అప్పటికి నానాజాతి సమితి కూడా లేదు. జర్మన్ బాంబులకు దెబ్బతిన్న ఇంగ్లండ్ నగరం కోవెంట్రీ, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే 1944లో స్టాలిన్‌గ్రాడ్‌తో సోదర బంధం కుదుర్చుకుంది. యుద్ధం ముగిసిన ఐదేళ్లకే, 1950లో, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ చేతులు కలిపాయి. ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ సమావేశంలో 1982లో హిరోషిమా మేయర్ తకేషి అరాకి ఇచ్చిన పిలుపుతో మొదలైన శాంతి మేయర్ల సంస్థలో ఇప్పుడు 8,000కు పైగా నగరాలున్నాయి. ఇవి గౌరవించదగిన ప్రయత్నాలు. అయితే వీటిలో ఎక్కువ భాగం మనసుకు సంబంధించినవి. పాతకాలపు సోదర నగరాల ఒప్పందంలో మహా అయితే విద్యార్థి బృందాల రాకపోకలు, ఒక సంగీత కచేరీ, ఉద్యానవనంలో నాటిన ఒక మొక్క ఉండేవి. వాటిని సభలో చర్చించారా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు.

ఇప్పుడు మీరు సంతకం చేస్తున్న కాగితాల బరువు వేరు. వాటిలో కర్బన ఉద్గారాల అనుమతుల వ్యాపారం ఉంది, రేవుల్లో, రైలు మార్గాల్లో పెట్టుబడులున్నాయి, వలస వచ్చిన వారికి సేవల బాధ్యత ఉంది, నిఘా కెమెరాల సాంకేతికత, పౌరుల సమాచారం ఉన్నాయి. ఒప్పందం స్వభావం మారింది గానీ దాన్ని కుదుర్చుకునే అలవాటు మారలేదు. అతిథిగృహంలో పూలగుచ్ఛాలు, రెండు జెండాలు, తోలు అట్టల మధ్య రెండు ప్రతులు, ఒక ఛాయాచిత్రం. ఆ ప్రతి ఆ తర్వాత ఏ బీరువాలోకి వెళ్లిందో చాలా నగరాల్లో సభ్యులకే తెలియదు.

మీ అధికారం ఎక్కడి నుంచి వస్తోందో ముందుగా చూడాలి, ఎందుకంటే నా అభ్యర్థనకు మూలం అక్కడే ఉంది. 1965 ఏప్రిల్ 12న కెనడాలోని క్యూబెక్ ప్రావిన్సు ఉపప్రధాని పాల్ జెరాన్-లజ్వా మాంట్రియల్‌లో విదేశీ కాన్సుల్‌ల ముందు చేసిన ప్రసంగంలో ఒక సూత్రం చెప్పారు. విద్య, ఆరోగ్యం, సంస్కృతి వంటి ఏ విషయాల్లో ఇంటి దగ్గర క్యూబెక్‌కు రాజ్యాంగబద్ధమైన అధికారం ఉందో, ఆ విషయాల్లో బయటి ప్రపంచంతో వ్యవహరించే అధికారమూ క్యూబెక్‌కే ఉండాలన్నది దాని సారం. అరవై ఏళ్లుగా అక్కడ ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా ఆ సూత్రాన్ని వదులుకోలేదు. బెల్జియం అయితే 1993 రాజ్యాంగ సవరణతో దాదాపు ఇదే సూత్రాన్ని చట్టం చేసింది. తమ పరిధిలోని విషయాలపై అక్కడి ప్రాంతాలు, భాషా సముదాయాలు స్వయంగా ఒడంబడికలు చేసుకోవచ్చు. జర్మనీ రాజ్యాంగమైన మౌలిక చట్టంలోని 32వ అధికరణం సమాఖ్య ప్రభుత్వ సమ్మతితో రాష్ట్రాలకు ఆ వీలు ఇచ్చింది. స్విట్జర్లాండ్ కాంటన్లకూ, 1994 తర్వాత అర్జెంటీనా ప్రావిన్సులకూ పరిమితులతో కూడిన ఇలాంటి అధికారమే ఉంది. అమెరికా రాజ్యాంగం మాత్రం రాష్ట్రాలు ఒడంబడికలు చేసుకోవడాన్ని సూటిగా నిషేధించి, ఇతర ఒప్పందాలకు కాంగ్రెస్ సమ్మతి కావాలంది. భారత రాజ్యాంగం విదేశీ వ్యవహారాలను, ఒడంబడికలను పూర్తిగా కేంద్ర జాబితాలో పెట్టింది.

చట్టాలు ఎంత భిన్నంగా ఉన్నా వాటన్నిటి వెనుక ఉన్న తర్కం ఒక్కటే. బయట మీకున్న అధికారం లోపల మీకున్న అధికారానికి పొడిగింపు. అలాంటప్పుడు లోపలి అధికారాన్ని బంధించే నియమాలు బయటి అధికారాన్ని ఎందుకు బంధించకూడదు? ఒక వీధి దీపాల కాంట్రాక్టుకు టెండరు కావాలి, సభ తీర్మానం కావాలి, ఆడిట్ కావాలి. అదే వీధి దీపాల గురించి విదేశీ నగరంతో చేసుకునే ఒప్పందానికి ఇవేవీ అక్కర్లేదనడం ఎలా సబబో నాకు అర్థం కాదు.

“ఇవి చట్టబద్ధంగా కట్టిపడేసే ఒప్పందాలు కావు, ఉత్త అవగాహన పత్రాలు” అన్నది మీ కార్యాలయాల నుంచి తరచుగా వచ్చే సమాధానం. ఆ మాట సగమే నిజం. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ సంఘం 2001లో ఖరారు చేసిన రాజ్య బాధ్యత నిబంధనల్లో నాలుగోది ఏం చెబుతుందంటే, దేశంలోని ఏ ప్రాంతీయ విభాగపు అంగం చేసిన పనినైనా అంతర్జాతీయ చట్టం ఆ దేశం చేసిన పనిగానే లెక్కిస్తుంది. అంటే విదేశాంగ మంత్రి చేసే తప్పుకూ, ఒక చిన్న పురపాలక సంఘం చేసే తప్పుకూ బాధ్యత వహించే చిరునామా ఒక్కటే. మెక్సికోలోని గ్వాదల్‌కాజర్ పురపాలక సంఘం ఒక అమెరికా కంపెనీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి నిర్మాణ అనుమతి నిరాకరించింది. ఆ నిరాకరణకు స్థానికులకు తగిన కారణాలే ఉండి ఉండవచ్చు. అయినా 2000 సంవత్సరంలో నాఫ్టా (ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ మండలి మెక్సికో దేశం ఆ కంపెనీకి 1.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. తర్వాత కెనడా కోర్టు ఆ తీర్పులో కొంత భాగాన్ని కొట్టివేసింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మరణశిక్ష పడ్డ జర్మన్ పౌరుడు లాగ్రాండ్ కేసులో 1999లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన ఉత్తర్వు మరింత సూటిగా ఉంది. అమెరికా అంతర్జాతీయంగా ఇచ్చిన మాటకు అనుగుణంగా నడుచుకోవాల్సిన బాధ్యత అరిజోనా గవర్నర్‌పై ఉందని అది పేరు పెట్టి చెప్పింది. ఆ ఉత్తర్వును పక్కన పెట్టి అదే రోజు మరణశిక్ష అమలు చేశారు. రెండేళ్ల తర్వాత తప్పు చేసిందని తీర్పు వచ్చింది అమెరికా దేశం మీద.

కాబట్టి మీ పత్రం ఎవరినీ బంధించదని మీ ప్రజలకు చెప్పే ముందు, దాని ప్రకారం మీరు చేయబోయే పని ఎవరిని బంధిస్తుందో చూడండి. పైగా ఎవరినీ దేనికీ బంధించని పత్రమే అయితే దాన్ని దాచాల్సిన పనేముంది?

పద్ధతిగా చేసిన పని ఎలా ఉంటుందో రెండు చోట్ల చూడవచ్చు. కంబోడియా రాజధాని ఫ్నామ్‌పెన్‌లో 1993 నాటికి శుద్ధి చేసి పంపిన నీటిలో 72 శాతానికి బిల్లు వచ్చేది కాదు. పైపుల్లో కారిపోయేది, లేదా అక్రమ కనెక్షన్లలోకి పోయేది. అంతర్యుద్ధం పాడుచేసిన ఆ వ్యవస్థను నిలబెట్టడంలో మొదటి ఘనత అక్కడి నీటి సంస్థకూ, దాని అధిపతి ఎక్ సోన్ చాన్‌కూ దక్కాలి. అప్పులూ, గ్రాంట్లూ ఇచ్చిన అంతర్జాతీయ సంస్థలు కూడా ఉన్నాయి. అయితే 1999 నుంచి జపాన్ నగరం కితాక్యూషు తన జలవిభాగం ఇంజినీర్లను అక్కడికి పంపడం మొదలుపెట్టింది. వాళ్లు వెళ్లింది ఉపన్యాసాలివ్వడానికి కాదు. పంపిణీ వ్యవస్థను బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకులోకి ఎంత నీరు, ఎంత ఒత్తిడితో వెళుతోందో ఒకే చోట కూర్చుని గమనించే ఏర్పాటు చేయడంలో స్థానిక సిబ్బందితో కలిసి పనిచేశారు. ఏ బ్లాకులో లెక్క తేడా వస్తే ఆ బ్లాకులోనే లీకేజీ వెతకవచ్చు; నగరమంతా తవ్వక్కర్లేదు. 2000 దశకం చివరికల్లా లెక్కకు రాని నీరు ఆరు శాతం దగ్గరికి వచ్చింది. విదేశాంగ శాఖలో ఎంత గొప్ప అధికారి ఉన్నా ఆ పని చేయలేడు, ఎందుకంటే వాల్వు ఎక్కడ బిగుసుకుంటుందో, రాత్రి ఏ వేళకు ఒత్తిడి పెరుగుతుందో తెలిసినవాడు నగరపాలక సంస్థ ఉద్యోగే. మీ దౌత్యానికి అసలైన బలం ఇదే. ఇంకో విషయం, అక్కడ ఏం జరిగిందో శాతాల్లో చెప్పగలుగుతున్నాం. ఎందుకంటే కొలిచారు, ఆ లెక్కలు బయట పెట్టారు.

రెండోది పిరనీస్ పర్వతాల్లోని సెర్దాన్యా పీఠభూమి. 1659 నాటి సంధి ఆ లోయను ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య రెండు ముక్కలు చేసింది. ఫ్రాన్స్ వైపు పల్లెవాసులకు పెద్దాసుపత్రి కావాలంటే కొండదారుల్లో సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి పెర్పిన్యాన్ వెళ్లాలి. సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న పుయ్‌సెర్దా పట్టణంలో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతీయ ప్రభుత్వం, ఫ్రాన్స్ ఆరోగ్య యంత్రాంగం కలిసి ఒకే ఆసుపత్రి కట్టాయి. 2006లో ఐరోపా సమాఖ్య చేసిన ప్రాదేశిక సహకార నిబంధన కింద దానికి ప్రత్యేక చట్టబద్ధ సంస్థను ఏర్పాటు చేసి, ఖర్చులో 60 శాతం కాటలోనియా వైపు, 40 శాతం ఫ్రాన్స్ వైపు భరించేలా రాసుకున్నారు. 2014లో ఆసుపత్రి తెరుచుకుంది. ఇబ్బందులు అసలు అప్పుడే మొదలయ్యాయి. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన తల్లికి అక్కడ బిడ్డ పుడితే ఆ బిడ్డ విదేశంలో పుట్టినట్టు నమోదవుతుంది. ఫ్రాన్స్ రోగి అక్కడ చనిపోతే, కనుచూపు మేరలో ఉన్న సొంత ఊరికి మృతదేహాన్ని తీసుకెళ్లడానికి దేశాంతర తరలింపు నియమాలు అడ్డొస్తాయి. ఇలాంటి చిక్కులు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ రావడానికి కారణం, ఎవరు ఏ వాటా భరించాలో, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ముందే కాగితం మీద, అందరికీ కనిపించేలా ఉండటం. ఫలానా ఇబ్బందికి ఫలానా సంస్థను అడగాలని ఆ లోయలోని మనిషికి తెలుసు.

నా దృష్టిలో దౌత్యంలో అత్యంత కష్టమైన పని ఇలాంటిదే. జనన ధ్రువపత్రం ఏ దేశపు ముద్రతో ఇవ్వాలన్నది ఏ శిఖరాగ్ర సదస్సు ప్రకటనలోనూ ఉండదు.

బహిరంగత వల్ల ఒప్పందాన్ని కోర్టులో కూడా కాపాడుకోవచ్చు. కాలిఫోర్నియా, క్యూబెక్ తమ కర్బన అనుమతుల మార్కెట్లను 2014 జనవరి నుంచి కలిపాయి. అంతకు ముందే, 2012లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన చట్టం ప్రకారం, అవతలి పక్షం నియమాలు తమ నియమాలంత కఠినంగానే ఉన్నాయని గవర్నర్ నిర్ధారించాకే అలాంటి కలయికకు వీలుంది. ఒప్పంద పాఠం, దాని కింద చేసిన నిబంధనలు అన్నీ బహిరంగమే. 2019లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం, ఇది రాజ్యాంగం నిషేధించిన ఒడంబడికేనంటూ కాలిఫోర్నియాపై దావా వేసింది. 2020లో సమాఖ్య జిల్లా కోర్టు కాలిఫోర్నియా పక్షానే తీర్పిచ్చింది. ఒప్పందం నుంచి ఎవరైనా ఏకపక్షంగా వైదొలగవచ్చన్న విషయం కూడా కోర్టు దృష్టిలోకి వచ్చింది. వైదొలగడం అన్నది ఊహ కాదని అప్పటికే రుజువైంది. 2018లో ఆ మార్కెట్‌లో చేరిన మరో కెనడా ప్రావిన్సు ఒంటారియో, ప్రభుత్వం మారగానే అదే ఏడాది బయటికి వెళ్లిపోయింది. ఆ పద్ధతి సవ్యంగా లేదని విమర్శలు వచ్చాయి, ఆ విమర్శలు న్యాయమైనవే. అయినా ఒక భాగస్వామి తప్పుకున్నంత మాత్రాన మిగిలిన ఇద్దరి ఏర్పాటు కుప్పకూలలేదు.

ఇక రెండో వైపు చూడండి. ప్రాగ్ నగరం 2016లో బీజింగ్‌తో చేసుకున్న సోదర నగరాల ఒప్పందంలో తైవాన్ చైనాలో భాగమేననే ‘ఒకే చైనా’ విధానాన్ని సమర్థిస్తున్నట్టు ఒక నిబంధన చేరింది. తైవాన్ హోదా ఏమిటన్న ప్రశ్నకూ, ఒక నగరపాలక సంస్థ చేసే పనులకూ ఏమిటి సంబంధం? 2018 ఎన్నికల తర్వాత మేయర్ అయిన జ్డెనెక్ హ్రిబ్ ఆ వాక్యం తీసేయమని అడిగారు, బీజింగ్ ఒప్పుకోలేదు, 2019 అక్టోబరులో ఒప్పందం రెండు వైపుల నుంచీ రద్దయింది. మరుసటి జనవరిలో ప్రాగ్ తైపేతో ఒప్పందం చేసుకుంటే, షాంఘై ప్రాగ్‌తో సంబంధం తెంచుకుంది. ఎవరి పక్షం న్యాయమైనదన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. నగరానికి ఏ మాత్రం అధికారం లేని విషయంపై ఒక్క వాక్యం నగర ఒప్పందంలోకి వచ్చినందువల్ల, దానితో సంబంధం లేని మిగతా సహకారమంతా దానితో పాటే పోయింది. సంతకానికి ముందే ఆ వాక్యాన్ని బయట పెట్టి, అందరూ వేలుపెట్టి చూపించి అడిగే అవకాశం ఇచ్చి ఉంటే, అది అక్కడ మిగిలేదా అన్నది నా సందేహం.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఉదాహరణ మీలో ప్రతి ఒక్కరూ చదవాల్సినది. విదేశాల్లో రోడ్లు, రేవుల వంటి వాటిలో పెట్టుబడులు పెట్టే చైనా బెల్ట్ అండ్ రోడ్ పథకంపై 2018 అక్టోబరులో ఆ రాష్ట్రం అవగాహన పత్రం మీద సంతకం చేసింది. పాఠం వెంటనే బయటికి రాలేదు. ఒత్తిడి పెరిగాక మరుసటి నెలలో వచ్చింది. 2019 అక్టోబరులో మరో చట్రపు ఒప్పందం. అప్పటికే అనుమానం ముదిరింది. 2020లో ఆస్ట్రేలియా పార్లమెంటు, రాష్ట్రాలు, స్థానిక సభలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ ప్రభుత్వ సంస్థలతో చేసుకునే ఏర్పాట్లన్నిటినీ కేంద్రానికి తెలియజేయాలని, విదేశాంగ మంత్రి వాటిని రద్దు చేయవచ్చని చట్టం చేసింది. 2021 ఏప్రిల్‌లో మంత్రి మరీస్ పేన్ నాలుగింటిని రద్దు చేశారు, నాలుగూ విక్టోరియావే. రెండు చైనాతో చేసుకున్నవి కాగా, మిగిలినవి సిరియాతో 1999లో, ఇరాన్‌తో 2004లో చేసుకున్న పాత కాగితాలు. అవి ఇంకా బతికే ఉన్నాయని ఎంతమందికి గుర్తుందో తెలియదు. ఒక రాష్ట్రం తొందరపాటుకు దేశంలోని ప్రతి చిన్న పురపాలక సభా ఇప్పుడు ఢిల్లీకి వినతిపత్రం రాసుకున్నట్టు కాన్‌బెర్రాకు రాసుకోవాలి. ఆ చట్టంలో మంత్రికి ఇచ్చిన అధికారం మితిమీరినదని నా అభిప్రాయం. కానీ అదే చట్టం కింద ఏర్పడిన బహిరంగ పట్టిక మాత్రం నాకు నచ్చింది. ఆ పని రాష్ట్రాలే ముందుగా చేసి ఉంటే మంత్రికి కత్తెర అందించాల్సిన పరిస్థితి వచ్చేది కాదేమో.

అయితే బహిరంగంగా చేసినంత మాత్రాన ప్రతిదీ చెల్లుతుందని నేను అనడం లేదు. బర్మా సైనిక పాలకులతో వ్యాపారం చేసే కంపెనీలకు ప్రభుత్వ కొనుగోళ్లలో అడ్డంకి పెడుతూ మసాచుసెట్స్ 1996లో చేసిన చట్టం శాసనసభలో బాహాటంగా ఆమోదం పొందినదే. దాని ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. 2000లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేసింది, ఎందుకంటే అదే విషయంపై కాంగ్రెస్ చేసిన చట్టానికి అది అడ్డొచ్చింది. పరిధి దాటితే బహిరంగత కాపాడదు. పరిధిలో ఉన్న పనికి మాత్రం అది బలాన్నిస్తుంది. దీనికి బెల్జియంలోని వాలోనియా ప్రాంతం కన్నా మంచి సాక్ష్యం లేదు. 36 లక్షల జనాభా ఉన్న ఆ ప్రాంతపు పార్లమెంటు ఐరోపా-కెనడా వాణిజ్య ఒప్పందంపై చాలాకాలం బహిరంగంగా విచారణలు జరిపి, 2016 అక్టోబరులో సమ్మతి నిరాకరించింది. ఐరోపా అంతా విస్తుపోయింది, కోప్పడింది. కానీ అక్కడి నేత పాల్ మాన్యెట్ అభ్యంతరాలు ఏమిటో రికార్డులో ఉన్నాయి కాబట్టి చర్చించడానికి ఒక విషయం ఉంది. వివరణ పత్రం జోడించారు, పెట్టుబడి వివాదాల న్యాయస్థానం చెల్లుబాటుపై ఐరోపా న్యాయస్థానం అభిప్రాయం కోరడానికి బెల్జియం అంగీకరించింది, అదే నెల 30న సంతకాలయ్యాయి. 2019లో ఆ న్యాయస్థానం ఏర్పాటు చెల్లుతుందనే చెప్పింది. వాలోనియా పూర్తిగా గెలవలేదు. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాబట్టింది.

మీరు లేవనెత్తే అభ్యంతరాలు ఊహించగలను. సభ ముందు పెడితే ఆలస్యమవుతుందంటారు. పదేళ్లపాటు నడవాల్సిన సంబంధానికి రెండు నెలల ఆలస్యం పెద్ద విషయం కాదు. చర్చల్లో గోప్యత అవసరమంటారు. చర్చలు జరుగుతున్నంతసేపూ అవసరమే, నేను అడుగుతున్నది ముగిసిన పాఠం గురించి. ప్రతిపక్షం రాజకీయం చేస్తుందంటారు. చేస్తుంది. ఆ రాజకీయాన్ని తట్టుకున్న ఒప్పందమే మేయర్ మారినా మిగులుతుంది. 1957లో మొదలైన ఒసాకా, శాన్‌ఫ్రాన్సిస్కోల సోదర బంధం, జపాన్ సైన్యం యుద్ధకాలంలో లైంగిక బానిసత్వానికి గురిచేసిన మహిళల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన స్మారక విగ్రహం విషయంలో తలెత్తిన వివాదంతో, 2018లో ఒసాకా మేయర్ రాసిన ఒక లేఖతో తెగిపోయింది. ఆరు దశాబ్దాల పరిచయం ఒక్క అధికార పీఠం నిర్ణయం మీద ఆధారపడి ఉండకూడదు.

చిన్న పట్టణాల మాట వేరు, నిజమే. వాతావరణ మార్పుపై పనిచేసే సీ40 వంటి కూటములు ప్రధానంగా మహానగరాల కోసం ఏర్పడ్డాయి. ఒకే ఒక్క గుమాస్తా జనన మరణాల నమోదూ, పన్నుల రసీదులూ, విదేశీ ఉత్తరాలూ చూసుకునే పట్టణానికి న్యాయ సలహాదారులు ఎక్కడి నుంచి వస్తారు? అలాంటి చోట్ల పెద్ద నగరాలు, ప్రాంతీయ ప్రభుత్వాలు తమ ఒప్పందాల నమూనాలను అందుబాటులో ఉంచితే అదే పెద్ద సాయం. 2004 నుంచి బార్సిలోనా కేంద్రంగా పనిచేస్తున్న నగరాలు, స్థానిక ప్రభుత్వాల ప్రపంచ సమాఖ్య ఈ పని నెత్తికెత్తుకోవచ్చు.

విదేశాంగ శాఖలకు కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఈ లేఖ వారికి కాకపోయినా. 1992 నాటి రియో పర్యావరణ సదస్సు స్థానిక ప్రభుత్వాలను తొమ్మిది ‘ప్రధాన వర్గాల్లో’ ఒకటిగా గుర్తించింది. అంటే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, రైతులతో సమానంగా కూర్చోబెట్టింది. ఎన్నికలలో గెలిచి, పన్నులు వసూలు చేసి, చట్టబద్ధంగా పాలించే వారిని ఒక ఆసక్తి బృందంగా లెక్కించడం ఇప్పటికైనా సరిదిద్దుకోవాల్సిన పొరపాటు. పారిస్ ఒప్పందం పీఠికలో అన్ని స్థాయుల ప్రభుత్వాల భాగస్వామ్యానికి ఉన్న ప్రాధాన్యాన్ని గుర్తించారు; 2023 దుబాయ్ వాతావరణ సదస్సులో 70కి పైగా దేశాలు తమ జాతీయ లక్ష్యాల రూపకల్పనలో స్థానిక ప్రభుత్వాలను సంప్రదిస్తామన్నాయి. ఆ మాట నిలబెట్టుకుంటున్నారా అని వారిని నిలదీయాల్సింది మీరే. కానీ మీ కాగితాలు మీరే చూపించకుండా వారి కాగితాలు చూపించమని అడగలేరు.

ఇక చేయాల్సిన పని గురించి. కొత్త ఒప్పందం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ నగరం, మీ రాష్ట్రం పేరుతో ఇప్పటిదాకా ఉన్న విదేశీ ఒప్పందాలన్నిటి జాబితా తయారు చేయించండి. ఎవరితో, ఏ తేదీన, ఎవరి సంతకంతో, ఏ ఖర్చుతో, గడువు ఉందా లేదా అన్న వివరాలు ఒక్కో దానికి ఒక్కో వరుసలో చాలు. చాలాచోట్ల మూల ప్రతి దొరకదు; దొరకలేదనే రాయండి. పదేళ్లుగా ఒక్క ఉత్తరం కూడా నడవని వాటిని అవతలి నగరానికి మర్యాదగా తెలియజేసి ముగించండి. మీ పరిధిలో లేని విషయాలపై వాక్యాలున్న వాటిని న్యాయ విభాగానికి పంపి, సవరణ కోరండి. నడుస్తున్న వాటికి ఒక్కో బాధ్యుడైన అధికారి పేరు రాసి, ఏడాదికోసారి సభకు నివేదిక ఇచ్చే పద్ధతి పెట్టండి. ఆ జాబితాను మీ తదుపరి సభా సమావేశపు ఎజెండాలో చేర్చి, సమావేశానికి ముందే ప్రజలకు అందుబాటులో ఉంచవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
పన్ను కట్టే, ఓటు వేసే ఒక నగరవాసి